ఇంటికా, చేతికా?

ఆన్‌లైన్ అంగడిలో కేటగిరీలు పేర్చడం నా ఉద్యోగం. అదీ ఒక ఉద్యోగమేనా అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. మా అక్క అత్తగారు రత్తమ్మగారైతే "అంటే ఫోన్లో కొట్టు సర్దుతావన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అంతే మరి, తప్పేముంది! బియ్యం పక్కన పప్పులు, పప్పుల పక్కన నూనెలు. వానలు మొదలైతే గొడుగులు పైకి, కూలర్లు కిందికి. ప్రతి కేటగిరీకీ ఒక పేరు, ఒక బొమ్మ, ఒక చోటు. విజయవాడలో అద్దాల మేడలో కూర్చుని ఊరూరికీ కొట్టు సర్దేదాన్ని. నా పేరు నాంచారి. కంపెనీ పేరు సరంజామా.

వేలినాడి అనే యంత్రం వచ్చాక ఆ పని తలకిందులైంది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ పరాంకుశం. పై అంతస్తులో ఆయన ప్రయోగశాల. మొదటిసారి పిలిచినప్పుడు నా చేతికి ఒక ఫోన్ ఇచ్చి "ఊరికే పైకీ కిందికీ జరుపుతూ ఉండండమ్మా" అన్నారు. జరిపాను. చూస్తుండగానే చీరలూ గిన్నెలూ కిందికి జారిపోయి, వేడినీళ్ల సంచీ, శానిటరీ ప్యాడ్లూ పైకొచ్చి కూర్చున్నాయి.

"రేపో ఎల్లుండో మీకు..." అని ఆ పెద్దమనిషి నేల చూపులు చూశారు.

మర్నాడు సరిగ్గా అదే జరిగింది. నా ఒంటి సంగతి నాకంటే ముందు ఆ ఫోన్ అద్దానికి తెలిసిపోయింది! వేలు ఎంత గట్టిగా నొక్కుతోంది, కొసన ఎంత చెమట పట్టింది, నెత్తురు ఎలా కొట్టుకుంటోంది, ఇవన్నీ పట్టేసి ఆ మనిషికి త్వరలో ఏం అవసరం పడుతుందో చెప్పేస్తుంది. ఆయన దాన్ని జబ్బుల కోసం కనిపెట్టారట. ఏ ఆసుపత్రీ ముందుకు రాలేదు. మా కంపెనీ వచ్చింది.

అప్పట్నుంచి కేటగిరీలు కట్టేది యంత్రమే. ఏయే వస్తువులు ఒకచోట ఉండాలో అదే మూటగడుతుంది. ఆ మూటలకు పేరు పెట్టి, బొమ్మ తగిలించి, అందంగా నిలబెట్టడం నా వంతు. ఒకరోజు నా ముందుకొచ్చిన మూటలో రబ్బరు దుప్పట్లు, బెడ్‌పాన్, పెద్దవాళ్ల డైపర్లు, పడుకునే నీళ్లు తాగే ముక్కు గిన్నె, నడవడానికి ఊత చట్రం ఉన్నాయి.

"భయపెట్టే పేరు వద్దు నాంచారీ. చూడగానే మనసుకి హాయిగా ఉండాలి" అన్నాడు మా మేనేజర్ నవనీత్.

"పెద్దల హాయి" అని పెట్టాను. నవ్వుతున్న తాతగారి బొమ్మ తగిలించాను. భలే ఉందన్నాడు నవనీత్. అది ఎవరెవరి ఫోన్లలో పైకి లేస్తుందో, ఎందుకు లేస్తుందో నాకు ఒక్కడూ చెప్పలేదు. చెబితే ఆ తాతగారి బొమ్మ నవనీత్ మొహాన కొట్టి ఉండేదాన్ని.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మొదట్లో ఏ చెయ్యి తాకితే ఆ చేతికి తగిన కొట్టు తెరుచుకునేది. మన ఇళ్లలో ఫోన్ ఒక్కరిదా? తాళం వేసుకుంటే అనుమానం, వేసుకోకపోతే అందరి చేతుల్లోనూ అదే. గుడివాడలో ఒక కొత్త కోడలు అత్తమామల ముందు కూర్చుని ప్రెషర్ కుక్కర్ వెతుకుతుంటే ఉయ్యాలలూ, పాలసీసాలూ పైకొచ్చాయి. ఆ పిల్ల మొగుడికే ఇంకా చెప్పుకోలేదు. ఏలూరులో ఒక పెద్దాయన చెయ్యి తగిలితే మద్యం మాన్పించే మందులు పైకొచ్చాయి. ఆ ఇంట్లో ఆయన తాగుతాడని ఎవరికీ తెలియదు. రభస రభస. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు.

దాంతో నవనీత్ ఒక ఉపాయం వేశాడు. ఇంట్లో చేతులన్నీ కలిపి ఒకే కొట్టు చూపించడం. ఎవరు తాకినా ఒకేలా కనబడుతుంది, ఎవరి గుట్టు ఎవరిదో తెలియదు. అందుకని ప్రతి కేటగిరీ కింద రెండు మీటలు వచ్చాయి. ఒకటి "ఇంటికి", ఇంకోటి "చేతికి". అన్నిటినీ "ఇంటికి" మీద పెట్టేయమన్నారు, పెట్టేశాం. మళ్లీ మార్చాలంటే నవనీత్ ఒప్పుకోవాలి.

ఆ తర్వాత కొన్నాళ్లకు కస్టమర్ కేర్ వాళ్లు ఒక ఫోన్ నాకు మళ్లించారు. కేటగిరీ మీద ఫిర్యాదట. అవతల తెనాలి నుంచి బుల్లెయ్య అని ఒకాయన.

"అమ్మా, నెల్లాళ్లనుంచి మీ కొట్టు తెరిస్తే చాలు, మంచాన పడ్డోళ్ల సామాన్లే. మా నాన్న గుండ్రాయిలా ఉన్నాడు, మేం నవ్వుకున్నాం. ఆయన కూడా నవ్వాడు. మొన్న బజారుకెళ్లి పడిపోయాడమ్మా. పక్షవాతం అన్నారు. పోయాడు. మీకెట్టా తెలుసు?"

నేను "పెద్దల హాయి" తెరిచి చూశాను.

"తెలుసుగా మీకు? తెలిసినప్పుడు ఒక్క ముక్క చెప్పొచ్చుగా! బెడ్‌పాన్ అమ్ముకుంటానికి ఉన్న తెలివి, ముసలాయన్ని డాక్టరుకి చూపించమని చెప్పటానికి లేకపోయిందా? మనుషులేనా మీరు?"

ఇలాంటప్పుడు చదవాల్సిన వాక్యం నా స్క్రీన్ మీద వెలుగుతోంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. అది చదవడానికి నా నోరు రాలేదు. "మీ ప్రశ్నకి జవాబు కనుక్కుంటానండీ" అని చెప్పి, తిన్నగా నవనీత్ గదిలోకి పోయాను.

"ఆ మూట పక్షవాతం రాబోయేవాళ్లదా?"

"కూర్చో నాంచారీ."

"కూర్చోను. అవునా కాదా?"

"చూడు, మనం అంగడివాళ్లం, డాక్టర్లం కాదు. జబ్బుందని చెబితే వైద్యం చేసినట్టే. లైసెన్సుందా మనకి? తప్పయితే కోర్టుకీడుస్తారు."

"నిజమైతే?"

"నిజమైతే వాళ్లకి కావాల్సిన వస్తువు వాళ్ల కళ్లముందే ఉందిగా. అది సేవ కాదా?"

సేవ! ఆ మాట ఆ నోట్లోంచి వింటుంటే ఒళ్లు మండిపోయింది. మనిషి పడిపోతాడని తెలిసి, పడేచోట దుప్పటి పరిచి దానికి రేటు కట్టడం సేవట! ఇంకా ఏదో అంటున్నాడు, ఈ కేటగిరీ ఎంత బాగా పోతోందో చూడమంటున్నాడు. తలుపు అదిరేలా వేసి బయటికొచ్చాను.

ఆదివారం మంగళగిరిలో అక్క దగ్గరికి వెళ్లాను. మా అక్క వీరకుమారి, బావ పానకాలు కలిసి బస్టాండు సందులో కర్రీ పాయింట్ నడుపుతారు. బావ కూరలు మోసుకొస్తాడు, రత్తమ్మగారు కూర్చుని కూరగాయలు తరుగుతుంది, మా అక్క కూతురు లిఖిత కాలేజీ లేనప్పుడు పొట్లాలు కడుతుంది. పొయ్యి దగ్గర మాత్రం అక్కే. ఇంటికంతటికీ ఒకే పెద్ద ఫోన్, అది కౌంటరు మీదే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాల దగ్గర్నుంచి నూనె డబ్బాల దాకా అందులోనే తెప్పిస్తారు. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు నొక్కుతారు. బావకి వాడుకవాళ్లు ఫోన్ చెయ్యడానికి విడిగా ఒక మీటల ఫోన్ ఉంది.

"రావే రా! ముందిది చెప్పు" అంటూ అక్క పెద్ద ఫోన్ నా మొహమ్మీద పెట్టింది. "డబ్బాలు పెడదామని తెరిస్తే ఈ రబ్బరు దుప్పట్లేందే? మీ కంపెనీకేమన్నా పిచ్చా?"

అన్నిటికంటే పైన "పెద్దల హాయి". నా తాతగారు నవ్వుతున్నాడు.

"మరదలుగారు మా అమ్మకి ముందుచూపుతో పంపిస్తన్నారులే" అన్నాడు బావ.

"నేనేం మంచాన పడను. పడితే మీ అందరికీ చెప్పే పడతా" అంది రత్తమ్మగారు వంకాయ తరుగుతూ.

అందరూ నవ్వారు. బుల్లెయ్య నాన్న కూడా ఇలాగే నవ్వాడు. ఆ నలుగురిలో ఎవరో ఒకరు కొద్దిరోజుల్లో పడిపోబోతున్నారు. ఎవరో మా ఆఫీసుకు తెలుసు. నాకు తెలియదు.

అక్కని పక్కకి లాక్కెళ్లి మొత్తం చెప్పాను. అక్క కొంగుతో మొహం తుడుచుకుని ఒక్క నిమిషం నిలబడింది. ఆ తర్వాత దానిలో ఎక్కడలేని చురుకు వచ్చింది. మర్నాడే కొట్టు మూసి అత్తగారిని గుంటూరు తీసుకెళ్లింది. షుగరున్న మనిషి, వయసు మీదపడిన మనిషి, ఇంకెవరుంటారు? మెడలో నరాలు, తలలో నరాలు అన్నీ తీసి చూశారు. శుభ్రంగా ఉన్నాయన్నారు. తర్వాత బావని తీసుకెళ్లింది. అతనికి కొంచెం రక్తపోటు ఉందని మాత్రలిచ్చారు.

"దొరికింది కదే. మీ బావకే. వేళకి మాత్రలు మింగిస్తన్నా, గొడవొదిలింది" అంది అక్క.

"నువ్వూ చూపించుకోవే."

"నాకేందే, దుక్కలా ఉన్నా! ఇప్పటికే రెండుసార్లు కొట్టు మూశాం. జనం పక్క కొట్టు మరిగితే మళ్లీ వస్తారా? పిల్ల పరీక్షలయ్యాక చూద్దాంలే."

లిఖితని చూడమంటే డాక్టరు నవ్వి పంపేశాడట, ఈ వయసు పిల్లకి స్కానింగెందుకమ్మా అని. సరే, బావకే అనుకుందాం. కానీ మాత్రలు వేసుకుంటున్నా ఆ కేటగిరీ అంగుళం కిందికి దిగలేదు. రోజూ అక్కకి ఫోన్ చేసి అడిగేదాన్ని. పైనే ఉందే, ఆ ముసలాయన పళ్లికిలిస్తూనే ఉన్నాడే అనేది. మందు పనిచెయ్యడం లేదా, లేక అసలు మనిషి వేరా? ఆలోచించి ఆలోచించి నా బుర్ర వేడెక్కిపోయింది. నిజం నా కుర్చీకి పైన ఒక్క అంతస్తు దూరంలో ఉంటే, నేను కింద కూర్చుని పండగ పట్టుచీరల బొమ్మలు సర్దుతున్నాను. దసరా అమ్మకాలు మర్నాడే మొదలు.

పని వదిలేసి పైకి వెళ్లాను. పరాంకుశం గారు ఒక్కరే ఉన్నారు. ముందు నెమ్మదిగానే అడిగాను.

"మా అక్కావాళ్లింట్లో ఆ చెయ్యి ఎవరిదండీ?"

"పేర్లుండవమ్మా మా దగ్గర. చేతులే ఉంటాయి. అవి కూడా ఇంటి కింద కలిసిపోయాయి. వెనక్కి వెళ్లి నేను విడదియ్యలేను."

"జబ్బు ఉన్నట్టే కదా?"

"మెదడుకి నెత్తురు మోసే నాళం పూడుకుపోతుంటే వేలి కొసలో సన్నటి వణుకొస్తుంది. మనిషికి తెలియదు. అద్దానికి తెలుస్తుంది. ఆ మూట పైకొచ్చినవాళ్లలో చాలామందికి..." ఆయన ఆగిపోయారు.

"ముందే డాక్టరు దగ్గరికెళ్తే?"

"బతుకుతారమ్మా. నాళం శుభ్రం చేస్తే లేచి తిరుగుతారు."

ఇక నా నోరు ఆగలేదు. "అది తెలిసీ ఇన్నాళ్లు ఎలా ఊరుకున్నారండీ? తెనాలిలో ఆ ముసలాయన నవ్వుకుంటూ పోయాడు. మీరు కనిపెట్టింది మీ కళ్లముందే బెడ్‌పాన్లు అమ్ముతుంటే అన్నం ఎలా దిగుతోంది?"

"ఈ ప్రయోగశాల ఉంటే ఇంకా ఎన్నో జబ్బులు కనిపెట్టొచ్చని అనుకున్నాను."

"కనిపెట్టి ఎవరికి చెబుతారు? డైపర్లకా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. "కేటగిరీని 'చేతికి' మీదికి మారిస్తే, ఏ చెయ్యి తాకితే ఆ చేతినే చూస్తుంది. ఆ చేతికే చూపిస్తుంది" అన్నారు.

"నవనీత్ ఒప్పుకోవాలిగా?"

"రేపు పండగ అమ్మకాలు. నిమిషానికోసారి సర్దుళ్లు మారుతుంటాయి. రేపు మీ బృందానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు." గోడకేసి చూస్తూ చెప్పారు ఆ మాట. నాకేసి చూసే ధైర్యం ఆయనకి లేదు. మంచి మాట చెప్పేటప్పుడు కూడా గోడకి చెప్పే మనిషి! థాంక్స్ కూడా చెప్పకుండా దిగొచ్చాను.

మర్నాడు పొద్దున ఆఫీసంతా బంతిపూల తోరణాలు కట్టారు. స్వీట్లు పంచుతున్నారు. మధ్యాహ్నం అమ్మకాలు మొదలయ్యాయని గంట కొట్టగానే అందరూ చప్పట్లు. నేను "పెద్దల హాయి" తెరిచాను. ముందు తాతగారి బొమ్మ తీసేశాను. తర్వాత దుప్పట్లు, డైపర్లు, ముక్కు గిన్నె, ఊత చట్రం, వస్తువన్నది మిగలకుండా ఖాళీ చేశాను. పేరు చెరిపేశాను. ఆ చోట ఇలా కొట్టాను.

"ఇది మీ చేతికి మాత్రమే కనిపిస్తుంది. మీకు పక్షవాతం వచ్చే సూచనలు ఉన్నాయి. ఇవాళే మెదడు డాక్టరుకు చూపించుకోండి. బతుకుతారు."

అక్షరాలు పెద్దవి చేశాను. కేటగిరీని కొట్టులో అన్నిటికంటే పైకి తెచ్చాను. "ఇంటికి" తీసి "చేతికి" పెట్టాను. మా అక్క ఇంటికొక్కదానికే పెట్టే వీలుందా అంటే లేదు, ఉన్నా పెట్టను. బుల్లెయ్య నాన్నలాంటివాళ్లు ఎన్ని ఊళ్లలో నవ్వుకుంటున్నారో! మీట నొక్కేశాను.

వెంటనే బావ మీటల ఫోన్‌కి చేశాను.

"బావా, పెద్ద ఫోన్ తియ్. మా కొట్టు తెరిచి నీ చేత్తో జరుపు. ఏం కనబడుతోంది?"

"మధ్యాన్నం రద్దీలో ఇదేం ఆటమ్మాయ్? డబ్బాలు. సిల్వర్ కవర్లు. మోకాళ్ల నొప్పి తైలం. మీ ముసలాయన లేడే ఇయ్యాళ!"

బావ కాదు. అయితే ఇంకెవరు? "అత్తమ్మకియ్యి."

అవతల గొణుగుడు. "ఈ వత్తుల పాకెట్టు బాగుందిరా, ఇది పెట్టు" అంటోంది రత్తమ్మగారు.

"లిఖితకియ్యి."

"చెవి కమ్మలు, పిన్నీ! కొనిపెడతావా?"

అప్పటికి మా హాల్లో కలకలం మొదలైంది. కస్టమర్ కేర్ బల్లల మీద ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగుతున్నాయి. పక్క బల్ల అమ్మాయి హెడ్‌ఫోన్ పట్టుకుని "అవునండీ, నిజమేనండీ, మీ దగ్గర్లో పెద్దాసుపత్రి ఏదుంటే అక్కడికే వెళ్లండీ" అంటోంది. చదవాల్సిన వాక్యం ఆమె కూడా చదవలేదు. నవనీత్ గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావ్ నువ్వు? తియ్! ముందది తియ్!"

"తియ్యను."

"కంపెనీ మునుగుతుంది!"

"మునగనీ! మనుషులు మునుగుతున్నప్పుడు లెక్కలేసుకున్నావు, ఇప్పుడు కంపెనీకి ఏడుస్తున్నావా? నా కుర్చీ దగ్గరికొస్తే మర్యాదగా ఉండదు!" కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. హాలంతా మాకేసి చూస్తోంది. ఒక్కరూ అతని వెంట రాలేదు.

ఫోన్లో అక్క గొంతు. "అయిపోయింది కదే, ఎవరికీ లేదుగా. పెట్టెయ్, ఇక్కడ జనం నిలబడ్డారు."

"నువ్వు పట్టుకో."

"నా చేతులు తడిగా ఉన్నయ్యే."

"తుడుచుకుని పట్టుకో!"

"నాకెందుకే..."

"అక్కా, నీకు దణ్ణం పెడతా, పట్టుకో!"

కొంగుకి చెయ్యి తుడుచుకుంటున్న చప్పుడు. గరిటె పక్కన పెట్టిన చప్పుడు. ఎవరో సాంబారు రెండు పొట్లాలని అడుగుతున్నారు.

"అక్కా?"

"ఏదో పెద్దక్షరాలతో వచ్చిందే నాంచీ" అంది అక్క. మెల్లగా కూడబలుక్కుని చదివింది. చివరి మాట దగ్గర ఆగింది. "బతుకుతారు, అనుంది."

"అవునే. నేనే రాశాను. బయల్దేరు. బావని బండి తియ్యమను."

"వెళ్తాలేవే, ఏడవబాక. పొయ్యి మీద పప్పుంది. అది దించి, తాలింపు పెట్టి, వీళ్లకి పొట్లాలు కట్టి..."

"మాడిపోనీ!" అని అరిచాను. నవనీత్ అదిరిపడి వెనక్కి జరిగాడు. "పప్పు మాడిపోనీ, కొట్టు మాడిపోనీ, ఆకలైనవాళ్లు పక్క కొట్టుకి పోనీ! పుట్టిందగ్గర్నుంచీ పొయ్యి దగ్గరే చచ్చావు కదే! ఒక్కరోజు, ఒక్క పూట, దించకుండా రా!"

అవతల రత్తమ్మగారి గొంతు వినపడింది, అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఆ గరిటె ఇటియ్యవే, నేను చూసుకుంటా. ఒరే పానకాలూ, బండి తియ్యరా!"